బాలనాగమ్మ అడిగిన గడువు

జానపద కథలను గురించి ఏడెనిమిదేళ్ళుగా తరగతిలో నేను ఒకే పాఠం చెబుతూ వచ్చాను. బాలనాగమ్మ కథ భూస్వామ్య సమాజం అల్లుకున్న పాతివ్రత్య ప్రచారమనీ, మాయలకూ మంత్రాలకూ లొంగని ఆ నాయిక పట్టుదల అంతా భర్త సొత్తును భర్త కోసం కాపాడిన పట్టుదలేననీ, అందులో స్త్రీ స్వాతంత్ర్యాన్ని వెతకడం ఎండమావిలో నీళ్ళు తోడుకోవడం వంటిదనీ నా వాదన. ఈ వాదన నోట్సులోకి ఎక్కింది. పరీక్ష పేపర్లలోకి ఎక్కింది. విద్యార్థులు దానిని నాకే తిరిగి వ్రాసి మార్కులు తెచ్చుకున్నారు. కిందటి సంవత్సరం ఒక విద్యార్థిని మాత్రం లేచి నిలబడి, "మా అమ్మమ్మ అలా చెప్పదండి" అన్నది.

"ఎలా చెబుతుంది?" అన్నాను.

"ఆ వ్రతం నిజం కాదండి. వాడు మీదికి రాకుండా అప్పటికప్పుడు అల్లింది. ఆ చోటికి వచ్చేసరికి మా అమ్మమ్మ నవ్వుతుందండి."

ఆ పిల్లది కొల్లేటి లంక గ్రామం. అమ్మమ్మకు అక్షరం ముక్క రాదు. చేపల చెరువుల మీద కూలి చేసి బతికిన మనిషి. 2006లో అభయారణ్యం హద్దులోని చెరువుల గట్లను ప్రభుత్వం కొట్టివేసినప్పుడు ఆ కూలి కూడా కొన్నాళ్ళు లేకుండా పోయిందట. నేనేమో తెలుగులో యం.ఏ. చేసినవాణ్ణి. నేను గంభీరంగా గీత గీసి పెట్టుకున్న చోట ఆమె నవ్వింది. ఆ సాయంత్రం ఏలూరు నుంచి పెదపాడుకు బస్సులో వస్తున్నంతసేపూ ఆ నవ్వు నన్ను వదలలేదు. ఒక కథలో ఏ మాట నిజమో ఏ మాట ఎత్తుగడో తెలియనివాడు ఆ కథ మీద తీర్పు చెప్పడం న్యాయమా అన్న శంక పట్టుకుంది.

పంతం గల ఆడపిల్ల నాయికగా ఉన్న పాతకథలు పదేపదే కొత్తగా చెప్పబడుతూనే ఉన్నాయి. మాయలూ మంత్రాలూ నమ్మని కాలంలో కూడా ఆ కథలకు వినేవారు తగ్గలేదు. ఎందుకు? అవి వాస్తవం నుంచి తప్పించుకుపోయే దారులని కొందరంటారు. వ్యాపారం వాటిని బతికిస్తున్నదని మరికొందరంటారు. రెండింటిలోనూ కొంత నిజం లేకపోలేదు. అయితే అమ్మమ్మ నవ్వుకు ఈ రెండు సమాధానాలూ చాలవు. ఆమె కథను ఏ వ్యాపారీ అమ్మలేదు. ఆమె ఎక్కడికీ తప్పించుకుపోనూ లేదు.

కథ తెలియని తెలుగువారు తక్కువే. అయినా సినిమా ద్వారా మాత్రమే తెలిసినవారి కోసం నాలుగు మాటల్లో చెబుతాను. నవభోజరాజుకు ఏడుగురు కూతుళ్ళు, కడగొట్టుది బాలనాగమ్మ. తల్లి పోయింది, సవతితల్లి వచ్చింది, పిల్లలు అడవిపాలయ్యారు. బతికి బయటపడి పెళ్ళిళ్ళు చేసుకున్నారు. బాలనాగమ్మను కార్యవర్ధిరాజు పెళ్ళాడాడు. బాలవర్ధి అనే కొడుకు పుట్టాడు. మగదిక్కు లేని సమయం చూసి మాయల మరాఠీ బిచ్చగాడి వేషంలో వచ్చి, ఆమెను కుక్కగా మార్చి నాగళ్ళపూడి గట్టుకు పట్టుకుపోయాడు. వెతకవచ్చిన భర్త రాయి అయినాడు. నన్ను పెళ్ళాడు అన్నాడు మరాఠీ. నాకొక వ్రతమున్నది, అది తీరేదాకా నన్ను తాకరాదు అన్నది బాలనాగమ్మ. వాడు ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలులోనే ఏళ్ళు గడిచాయి. ఊయలలోని కొడుకు పెద్దవాడై తల్లిని వెతుక్కుంటూ వచ్చాడు. మరాఠీ ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలుకలో ఉన్నదని తెలుసుకుని, ఆ చిలుకను పట్టి వాణ్ణి చంపాడు. రాళ్ళయినవారందరూ లేచి కూర్చున్నారు.

సాహసమంతా కొడుకుది. సముద్రాలు దాటినవాడూ చిలుక మెడ విరిచినవాడూ అతడే. కాని ఒక్కమాట ఆలోచించాలి. తల్లి ఆ గడువు సంపాదించి ఉండకపోతే కొడుకు పెరగడానికి వ్యవధి ఎక్కడిది? మాయావి చేతిలో మంత్రమున్నది, కోట ఉన్నది, మనుషులను రాళ్ళు చేసే శక్తి ఉన్నది. ఆమె చేతిలో ఏమీ లేదు. ఏమీ లేని మనిషి కాలాన్ని ఆయుధం చేసుకున్నది. "వద్దు" అంటే చంపేవాడి ఎదుట "ఇప్పుడు కాదు" అన్నది. ఆ రెండు మాటలే కథకు ఇరుసు. ఇన్నాళ్ళూ నేను చక్రాలను చూసి ఇరుసును చూడలేదు.

ఈ కథను మన కళారంగం ఎన్నిసార్లు తిరిగి చెప్పిందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. బుర్రకథగా విన్నాము. సురభి నాటక సమాజాలు మాయాబజార్, పాతాళభైరవిలతో పాటు దీనినీ ఊరూరా ఆడాయి. 1942లో ఒకే ఏడాది రెండు సినిమాలు వచ్చాయి. ఒకటి శాంత బాలనాగమ్మ. రెండవది సి. పుల్లయ్య దర్శకత్వంలో జెమినీ వారు తీసినది. దానిలో కాంచనమాల బాలనాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీ. కార్యవర్ధిరాజు వేషం వేసిన బందా కనకలింగేశ్వరరావు మన ఏలూరులో న్యాయవాది. 1959లో అంజలీదేవి నాయికగా మరొకటి వచ్చింది. కాంచనమాల అప్పటికి తెలుగు తెరకు వెలుగు. బాలనాగమ్మ తరువాత ఆమె దాదాపు తెరమరుగైపోయింది. తెర మీద అన్నేళ్ళ గడువు సంపాదించిన నాయికకు జీవం పోసిన నటికి తెర వెనుక అంత గడువు దొరకలేదు.

ఈ పునఃకథనాలలో ప్రతి ఒక్కటీ ఒక ఎంపిక చేసింది. వ్రతాన్ని నిజమైన వ్రతంగా చూపితే నాయిక పతివ్రత. ఎత్తుగడగా చూపితే బుద్ధిమంతురాలు. చాలావరకు వేదిక మీదా తెర మీదా మొదటిదే గెలిచింది. దేవుడి పటం, హారతి, కన్నీటి పద్యం సులభంగా చప్పట్లు తెస్తాయి. దొంగను ఒకచోట మరాఠీ అనీ మరొకచోట ఫకీరు అనీ పరాయివాణ్ణి చేయడం కూడా అటువంటి సులభమార్గమే. ఊళ్ళోని దొంగ పేరు చెప్పడం కంటే పైనుంచి వచ్చినవాడి పేరు చెప్పడం ఎప్పుడూ తేలిక. రెండవ ఎంపిక మాత్రం అరుగుల మీద, వంటిళ్ళలో, చెరువుగట్ల మీద బతికింది. దానికి టిక్కెట్టు లేదు గనుక మా పరిశోధనకూ అది అందలేదు.

అందిన ఒక సందర్భం ఉన్నది. 1868లో లండనులో ఒక కథల పుస్తకం అచ్చయింది. బొంబాయి గవర్నరు కూతురు మేరీ ఫ్రేర్, తన ఆయా అన్నా లిబరాటా డిసౌజా చెప్పగా వ్రాసుకున్న దక్కను కథలవి. మొదటి కథలోనే నాయిక పేరు బాల్నా. ఏడుగురు అక్కచెల్లెళ్ళలో కడగొట్టుది. మాంత్రికుడు ఆమెను కుక్కగా మార్చి ఎత్తుకుపోతాడు. పెళ్ళికి ఒప్పుకోనందుకు బురుజులో బంధిస్తాడు. కొడుకు వచ్చిన తరువాత ఆమె మెత్తబడినట్టు నటించి, మాంత్రికుడి నోటనే చిలుక రహస్యం చెప్పిస్తుంది. మన బాలనాగమ్మే, సందేహం లేదు. కథ చెప్పిన అన్నాకు ఆ కథలు తన అమ్మమ్మ నుంచి వచ్చాయి. భర్త పోయాక పిల్లలను పోషించుకోవడానికి దొరల ఇళ్ళలో పనిచేసిన స్త్రీ ఆమె. తన కష్టసుఖాలను ఆమె చెప్పుకున్న భాగం కూడా అదే పుస్తకంలో ఉన్నది. పొట్టకూటికి పనిచేసే ఒక ఆడది, మరొకరి గుప్పిట్లో ఉన్న ఆడదాని కథ చెప్పేటప్పుడు ఏది దాచుకుని ఏది వదిలేస్తుందో గమనించదగ్గది. అన్నా చెప్పిన కథలో బాల్నా నటన దాచవలసిన తప్పు కాదు. అది ఆమె తెలివి.

ఇక దేశం వదిలి చూసినా ఇదే కనిపిస్తుంది. 1697లో ఫ్రాన్సులో పెరో ప్రకటించిన నీలిగడ్డం కథలో భార్యలను చంపే భర్త కత్తి ఎత్తుతాడు. ఆ పడుచు అడిగినదేమిటి? ప్రార్థన చేసుకోవడానికి కొంచెం వ్యవధి. ఆ వ్యవధిలో అన్నదమ్ములు గుర్రాల మీద వస్తారు. అరేబియా రాత్రుల షహరాజాదు ప్రతి రాత్రీ కథను తెగని చోట ఆపి మరునాటి ఉదయాన్ని సంపాదించింది. గ్రీకుల పెనెలోపీ పగలు నేసిన బట్టను రాత్రి విప్పి, పెళ్ళికొడుకులను మూడేళ్ళు ఆపింది. వ్రతం, ప్రార్థన, కథ, నేత. సాధనాలు వేరు. జరిగిన పని ఒక్కటే. ఈ నాయికల పంతం కత్తి పట్టిన పంతం కాదు. గడువు సంపాదించే పంతం.

ఈ కథలు ఎందుకు చావవో నాకు ఇప్పుడు తెలుస్తున్నది. గడువు అడగవలసిన అవసరం చావలేదు గనుక. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 సంవత్సరాల వయసు స్త్రీలలో 29 శాతం మందికి 18 ఏళ్ళు నిండకముందే పెళ్ళయింది. అంటే పది మందిలో ముగ్గురికి గడువు దొరకలేదు. ఈ లెక్క తెలిసిన తరువాత మా డిగ్రీ తరగతిలో కూర్చున్న ఆడపిల్లలను నేను వేరే కంటితో చూస్తున్నాను. అక్కడిదాకా వచ్చిన చాలామంది ఏదో ఒక వ్రతం కట్టుకుని వచ్చినవాళ్ళే. పదవ తరగతి కానివ్వండి అని ఒకసారి, ఇంటరు కానివ్వండి అని మరొకసారి.

నా మిత్రులు అడుగుతారని తెలుసు: వాయిదా విముక్తి అవుతుందా? వ్రతం పేరుతో బయటపడిన స్త్రీ వ్రతాల సమాజాన్నే బలపరచలేదా? చివరకు కోట కూల్చినవాడు కొడుకు కాదా? ఇవి న్యాయమైన ప్రశ్నలే. బాలనాగమ్మ తన చెరను బద్దలు కొట్టలేదు. తన వంటి మరొక బందీతో చేతులు కలపలేదు. మాయల మరాఠీ కోటలో సంగు అనే మరొక స్త్రీ ఉన్నది. ఆమెను మనం జారిణి అని తిట్టి పక్కన పెట్టాము. ఆమె ఏ గడువు దొరకక ఆ కోటలో చేరిందో ఏ కథకుడూ అడగలేదు. ఈ కథ మళ్ళీ చెప్పదలచినవారు ఎవరైనా ఉంటే అక్కడ మొదలుపెట్టమని నా మనవి.

అయితే ఆ ప్రశ్నల వల్ల కథనే పారవేయనక్కరలేదు. అభ్యుదయ సాహిత్యోద్యమం కూడా పారవేయలేదు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం మొదలైన కాలంలోనే ప్రజానాట్యమండలి బుర్రకథను చేతికి తీసుకున్నది. బాలనాగమ్మ కథ పాడిన తంబురాతోనే రైతుకూలీ కథ పాడించింది. నాజర్ గొంతు ఆ పనిని ఎక్కడిదాకా తీసుకువెళ్ళిందో వేరే చెప్పనక్కరలేదు. వామపక్ష భావాలకు పేరుపడిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా చందమామకు సంపాదకత్వం వహించాడు. హేతువాదిగా వ్యాసాలు వ్రాసిన చేతితోనే ఆయన రాకుమార్తెల కథలనూ రాక్షసుల కథలనూ దిద్దాడు. దీనిని వైరుధ్యంగా చూసేవారున్నారు. నాకు అది వైరుధ్యంగా తోచదు. కథలో భూతం ఉన్నదా లేదా అనేది ముఖ్యం కాదు, భూతం ఎదుట మనిషి బుద్ధి పనిచేసిందా లేదా అనేదే ముఖ్యం.

ఈ కాలపు పునఃకథనాలలో రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి నాయిక చేతికి కత్తి ఇవ్వడం. రాకుమార్తె గుర్రమెక్కి శత్రువులను నరుకుతుంది, ప్రేక్షకులు ఈలలు వేస్తారు. అది చూసి సంతోషించడంలో తప్పులేదు. కాని కత్తి లేని పిల్లకు ఆ కథ ఏమీ చెప్పదు. రెండవ దారి, ఆ స్త్రీ మనసులోని ఆలోచనను ఆమె చేతనే చెప్పించడం, ఆమెకు మరొక స్త్రీని తోడు తేవడం. ఇంగ్లండులో ఏంజెలా కార్టర్ 1979లో నీలిగడ్డం కథను తిరిగి వ్రాసినప్పుడు అన్నదమ్ములకు బదులు తల్లిని గుర్రం మీద పంపింది. మన ఓల్గా 'విముక్త' కథలలో సీతను శూర్పణఖతోనూ అహల్యతోనూ కలిపి కూర్చోబెట్టింది. ఆ పుస్తకానికి 2015లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. అది పురాణం, ఇది జానపదం అనే భేదం ఉన్నా పని ఒకటే. ఒంటరిగా గడువు అడిగే స్త్రీకి సహాయం ఎక్కడినుంచి రావాలన్న ప్రశ్నకు అవి కొత్త సమాధానం వెతికాయి.

గడువు దొరకని పిల్ల కథ ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే మా కొల్లేరు దాటిపోనక్కరలేదు. బుడమేరు, తమ్మిలేరు వంటివి తెచ్చిపోసిన నీటిని కొల్లేరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పంపుతుంది. ఆ ఏటిని గురించి ఒక ఐతిహ్యమున్నది. లాంగుల్య గజపతి సరస్సు నడుమ కొల్లేటికోటలో కోట కట్టాడట. శత్రుసేన చిగురుకోట దగ్గర దిగి, నీటిని సముద్రంలోకి తీసివేసి కోటను పట్టడానికి కాలువ తవ్వించిందట. అదే ఉప్పుటేరు. ఆ యుద్ధంలో జయం కోరి ఒక సేనాని తన కూతురిని ఆ ఏటికి బలి ఇచ్చాడట. అందుకే దానికి పేరంటాల కనుమ అని పేరు వచ్చిందంటారు. కోట కట్టిన రాజు పేరు ఉన్నది. శత్రువు దిగిన ఊరి పేరు ఉన్నది. ఆ పిల్లకు నేను విన్న కథలో పేరు లేదు. ఆమె ఏమన్నదో లేదు. చచ్చిన తరువాత పేరంటాలు అని పసుపూ కుంకుమా ఇచ్చాము. బతికి ఉండగా ఒక్క వాక్యం ఇవ్వలేదు. అది సేనానులు చెప్పిన కథ. అమ్మమ్మలు చెప్పి ఉంటే ఆ పిల్ల ఏటిగట్టున నిలబడి, "నాన్నా, నాకొక వ్రతమున్నది" అని ఉండేది.

ఈ ఐతిహ్యాన్ని కూడా తరగతిలో చెప్పాను. నెల తిరగకముందే ఆ విద్యార్థిని స్టాఫ్ రూము గుమ్మం దగ్గరికి వచ్చింది. సంబంధం కుదిరింది, చివరి సంవత్సరం పరీక్షలు వ్రాయనిస్తారో లేదో తెలియదు, మీరొకసారి మా నాన్నతో మాట్లాడండి అన్నది. ఆదివారం పూట వెళ్ళాను. నాకు తెలిసిన మంచిమాటలన్నీ చెప్పాను. విద్య అన్నాను, హక్కు అన్నాను, ఆర్థిక స్వాతంత్ర్యం అన్నాను. ఆయన మర్యాదగా విన్నాడు. కుర్చీ తుడిచి వేశాడు, టీ ఇప్పించాడు. చివరకు, "మీరు చెప్పింది నిజమేనండి. కాని ఏడాది ఆగితే కట్నం ఎంతవుద్దో కూడా మీరే చెప్పండి" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. ఆయన దుర్మార్గుడు కాడు. చెరువు లీజు, అప్పు, చిన్నకూతురు, అన్నీ లెక్క వేసుకున్న మనిషి. నా ఉపన్యాసంలో ఆ లెక్క లేదు.

అంతవరకు వసారాలో వల బాగుచేస్తూ కూర్చున్న అమ్మమ్మ తల ఎత్తకుండానే అన్నది: "ముహూర్తం ఇప్పుడు పెట్టకూడదయ్యా. దానికి పెద్దింట్లమ్మ మొక్కున్నాది. వచ్చే జాతర్లో తీర్చాకే."

అల్లుడు కాసేపు ఆమెవైపు చూశాడు. ఎదురు చెప్పలేదు. కొల్లేటికోట పెద్దింట్లమ్మ మొక్కును కాదనేవాడు ఆ లంకల్లో లేడు. నన్ను సాగనంపడానికి గట్టుదాకా వచ్చిన పిల్లను, "ఏమిటా మొక్కు?" అని అడిగాను. "ఇంకా ఆలోచించలేదంటండి" అన్నది. నవ్వు ఆపుకోవడం ఇద్దరికీ కష్టమైంది.

మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా ఎన్నో సభల్లో మాట్లాడినవాణ్ణి. ఆ రోజు నేను నోరు మెదపలేదు. మొక్కు అబద్ధమని నాకు తెలుసు, ఆమెకు తెలుసు, బహుశా అల్లుడికీ తెలుసు. నా హేతువాదం సంపాదించలేని గడువును ఒక అబద్ధపు మొక్కు సంపాదించింది. దీనిని విజయమని నేను అనను. ఇది మన ఓటమి కూడా. ఆ ఇంటి లెక్కకు సమాధానం చెప్పగల ఉద్యోగం, హాస్టలు, కట్నం లేని పెళ్ళి మనం కల్పించలేకపోయాము గనుకనే ముసలామె పాతకథలోని ఎత్తుగడను బయటికి తీయవలసి వచ్చింది. కథలో ఆ ఏళ్ళన్నీ కొడుకు పెరగడానికి పనికివచ్చాయి. ఈ ఏడాదిలో పెరగవలసినది ఏమిటో, దానిని ఎవరు పెంచాలో విద్యార్థి సంఘాలూ మాబోటి ఉపాధ్యాయులూ కూర్చుని ఆలోచించుకోవాలి. జాతర వచ్చేది ఫాల్గుణంలో. అదేమంత దూరం కాదు.

ఆ పిల్ల పరీక్షలు వ్రాసింది. ఇప్పుడు బి.ఇడి. ప్రవేశానికి చదువుతున్నది. అమ్మమ్మ చెప్పే బాలనాగమ్మను నేను ఇంకా మొత్తం వినలేదు. ఒక రాత్రి చాలదట, మూడు రాత్రులు పడుతుందట. దసరా సెలవుల్లో లంకకు వెళ్ళి విని వ్రాసుకుంటాను. అంతవరకు నా పాత నోట్సు ఎవరికీ చెప్పదలచుకోలేదు.